పేదవాని గ్రంథాలయము: ఫిలిప్ రెక్లామ్

జర్మనీ దేశమునందలి లైప్‌జిగ్ నగరము పుస్తకములకు పుట్టినిల్లు వంటిది. శతాబ్దముల తరబడి అచట పుస్తకముల సంత జరుగుచుండెడిది. దూరప్రాంతముల వర్తకులు ఆ సంతకు వచ్చి, గ్రంథములను కొని, అమ్ముకొని, లెక్కలు సరిచూచుకొని మరలిపోవుచుండెడివారు. అయినను ఆ నగరమున అచ్చైన గొప్ప గ్రంథములు ఆ నగరమందలి కూలివాని యింటికిగాని, పేద విద్యార్థి చేతికిగాని వచ్చుట అరుదు. వాని వెల అంత మిక్కుటము. చదువవలెనని కోరిక యుండియు కొనజాలనివారు వేలకొలది యుండిరి. ఈ కొరతను తీర్చుటకు పాటుపడి, చివరకు కృతకృత్యుడైన ప్రచురణకర్త ఆంటన్ ఫిలిప్ రెక్లామ్.

రెక్లామ్ 1807వ సంవత్సరము జూన్ 28వ తేదీన లైప్‌జిగ్‌లో జన్మించెను. అతని తండ్రి ఆ నగరముననే పుస్తక వ్యాపారము చేయుచుండెను. బాలుని కారవ యేడు నిండిన కొలది నెలలకు, 1813 అక్టోబరులో, నెపోలియన్ సేనలకును అతని శత్రువుల సేనలకును ఆ నగర పరిసరముననే ఘోరసంగ్రామము జరిగెను. ఆ యుద్ధములో నెపోలియన్ ఓడిపోయెను. కాని యుద్ధానంతరము ప్రజలు ఆశించిన స్వేచ్ఛ వారికి లభింపలేదు. జర్మనీయందలి చిన్న పెద్ద రాజ్యములను ఏలు ప్రభువులు ప్రజల నోటికిని, రచయితల కలమునకును కట్టుబాట్లు విధించిరి.

రెక్లామ్ పెరిగి పెద్దవాడై, బ్రౌన్‌ష్వైగ్ నగరమునందు బంధువైన ఫ్రీడ్రిక్ ఫీవెగ్ అను ప్రచురణకర్త యొద్ద చేరి, అచ్చుపనిని, పుస్తక విక్రయమును శ్రద్ధతో నేర్చుకొనెను. అనంతరము స్వస్థలమునకు మరలి వచ్చి, 1828లో, ఇరువది యొకటవ యేట, తండ్రి యొద్ద మూడువేల టేలర్లు అప్పు తీసికొని, సాహిత్య మ్యూజియము అను పేరుగల పఠన మందిరమును కొనెను. అది అద్దెకు పుస్తకములిచ్చు గ్రంథాలయము. స్వదేశ విదేశ పత్రికలు చదువుకొను స్థలము. ఆ యేడే అతడు స్వంత ప్రచురణ సంస్థనుగూడ స్థాపించెను.

ఆ పఠన మందిరమునకు రచయితలు, విద్యార్థులు, దేశములో మార్పు రావలెనని కోరువారు వచ్చి కూడుచుండిరి. చదువుకొనుటకై వచ్చువారి ముఖములను దినదినము చూచుచుండుటచే, పుస్తకమునకై జనులు ఎంత ఆకలిగొని యున్నారో రెక్లామ్ కన్నులార కనెను. పుస్తకము అద్దెకు తీసికొని పోవువాడు దానిని మరల తెచ్చి యీయవలసినదే. తనదని చెప్పుకొని యింట నుంచుకొనుటకు వీలులేదు. ఈ విషయము అతని మనస్సున నాటుకొనెను.

ఆ కాలమున ఏ గ్రంథమైనను స్వేచ్ఛగా అచ్చొత్తుటకు వీలులేకుండెను. 1819లో జర్మన్ ప్రభువులు చేసిన శాసనముల ప్రకారము మూడువందల యిరువది పుటలకు తక్కువైన పుస్తకమును ముందుగా అధికారులు పరిశీలించి అనుమతింపవలెను. పెద్ద గ్రంథములను ధనికులును పండితులును మాత్రమే కొందురు గనుక వానివలన భయము లేదనియు, చిన్న పుస్తకము సామాన్యుల చేతికి పోవును గనుక అదియే ప్రమాదకరమనియు ప్రభువుల అభిప్రాయము. చిన్న పుస్తకము యొక్క బలమును దాని మిత్రులకంటె ముందుగా దాని శత్రువులే కనుగొనిరని చెప్పవచ్చును.

రెక్లామ్ ఈ కట్టుబాట్లకు వెరవలేదు. ప్రభుత్వములను విమర్శించు రచనలను ప్రకటించెను. అందుచే ఆస్ట్రియా ప్రభుత్వము అతని ప్రచురణలను తన రాజ్యమున నిషేధించెను. ఆంగ్ల రచయిత థామస్ పెయిన్, మతవిషయములను తర్కదృష్టితో విచారించుచు వ్రాసిన గ్రంథమును జర్మన్ భాషలో ప్రకటించినందులకు రెక్లామ్‌పై న్యాయస్థానమున అభియోగము మోపబడెను. వ్యాపారము చెడుటయేగాక స్వేచ్ఛకే ముప్పు వాటిల్లు స్థితి యేర్పడినను, అతడు తన వృత్తిని విడువలేదు.

1837లో అతడు పఠన మందిరమును అమ్మివేసి, ప్రచురణ సంస్థకు ఫిలిప్ రెక్లామ్ జూనియర్ అని తన పేరే పెట్టెను. 1839లో ఒక ముద్రణాలయమును కొనెను. ఇట్లు పుస్తకమును అచ్చొత్తుట, అమ్ముట అను రెండు పనులును ఒకచోటికే చేరెను. బైబిలు ప్రతులు, స్తోత్ర గ్రంథములు, నిఘంటువులు విశేషముగా అచ్చువేయుచు, వెల తగ్గించు మార్గములను అతడు అన్వేషింపసాగెను.

ఆ మార్గములలో ముఖ్యమైనది అచ్చుపలకల పద్ధతి. అక్షరములను ఒక్కొక్కటిగా కూర్చి పుటను సిద్ధపరచిన పిమ్మట దానికి అచ్చుదీసి, ఆ అచ్చులో కరగిన లోహము పోసి పలకగా తయారుచేయుదురు. అప్పుడు అక్షరములను విప్పి వేరొక పుస్తకమునకు వాడుకొనవచ్చును. పలకలను భద్రపరచినచో, పుస్తకము కావలసి వచ్చినప్పుడెల్ల, మరల అక్షరములు కూర్చు ఖర్చు లేకుండ అచ్చొత్తవచ్చును. ఈ పద్ధతిని రెక్లామ్ కనిపెట్టలేదు. కాని దానిని చౌక పుస్తకముల కొరకు నిండుగా వినియోగించెను. 1858లో షేక్స్‌పియర్ నాటకముల జర్మన్ అనువాదమును పన్నెండు సంపుటములుగా ఒకటిన్నర టేలరుకే అమ్మెను. తరువాత ఒక్కొక్క నాటకమును విడివిడిగా రెండేసి గ్రోషెన్లకు ఇచ్చెను. టేలరునకు ముప్పది గ్రోషెన్లు. అవి విరివిగా అమ్ముడుపోయెను. ఎంత పేదవాడైనను ఒక్క నాటకము కొనగలడని అతనికి రుజువయ్యెను.

అంతలో ఒక గొప్ప అవకాశము వచ్చెను. గెటే, షిల్లర్ మొదలగు మహాకవుల గ్రంథములను ముద్రించు హక్కు అంతవరకు కొలదిమంది ప్రచురణకర్తల చేతులలోనే యుండెను. 1837 నవంబరు 9వ తేదీకి ముందు మరణించిన రచయితల గ్రంథములపై ఆ హక్కు 1867 నవంబరు 9వ తేదీతో ముగియునని జర్మన్ రాజ్యముల సమితి నిర్ణయించి యుండెను. గెటే 1832లోను, షిల్లర్ 1805లోను మరణించిరి. కావున ఆనాటినుండి వారి గ్రంథములు ప్రజలందరి సొత్తు కానుండెను. అనేక ప్రచురణకర్తలు ఆ దినమునకై కాచుకొని యుండిరి.

రెక్లామ్‌కు అప్పుడు అరువది యేండ్లు. ఆ వయసున పెక్కుమంది విశ్రాంతిని కోరుదురు. అతడు మాత్రము కుమారుడైన హాన్స్ హైన్రిక్ తోడ్పాటుతో తన జీవితములోకెల్ల పెద్ద కార్యమునకు పూనుకొనెను. 1867లో విశ్వ గ్రంథమాల అను పేరుతో చిన్న పుస్తకముల వరుసను ప్రారంభించెను. గెటే రచించిన ఫౌస్ట్ నాటకము మొదటి భాగము ఒకటవ సంఖ్యగాను, రెండవ భాగము రెండవ సంఖ్యగాను, లెస్సింగ్ రచించిన నాథన్ నాటకము మూడవ సంఖ్యగాను వెలువడెను. వెల రెండు గ్రోషెన్లు.

గ్రంథమాలలు అదివరకును లేకపోలేదు. కాని వానిలో పెక్కింటికి పాఠకుడు ముందుగా చందా కట్టి, వరుసగా అన్నియు కొనవలెను. రెక్లామ్ తన పుస్తకములను విడివిడిగా అమ్మెను. ఎవరికి ఏది కావలెనో అది మాత్రమే కొనవచ్చును. తక్కువగా అమ్ముడుపోవు గ్రంథమును ఎక్కువగా అమ్ముడుపోవు గ్రంథము పోషించుచుండెను. కావ్యములు, నాటకములు మాత్రమేగాక తత్త్వశాస్త్రము, చట్టములు, సంగీత నాటకములుగూడ ఆ వరుసలో చేరెను. విద్యార్థి జేబులో పెట్టుకొని పోగల పరిమాణము వానిది.

విదేశ గ్రంథములకును అందు చోటు లభించెను. కాళిదాసు శాకుంతలము జర్మన్ అనువాదముగా ఆ మాలలో వెలువడినది. ఫౌస్ట్ నాటకారంభమునందలి రంగస్థల ప్రస్తావనకు శాకుంతలమందలి సూత్రధారుని ప్రస్తావనయే ప్రేరణ మని విమర్శకులు పలువురు తలంతురు. గురువు వంటి ఆ గ్రంథమును, శిష్యుని వంటి ఈ గ్రంథమును ఒకే మాలలో ఒకే వెలకు చేరుట విశేషము.

ఈ కార్యమున లోపములు లేకపోలేదు. కాగితము పలుచన, అక్షరములు సన్నములు. ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. నార్వే నాటకకర్త ఇబ్సెన్ వంటివారి రచనలు ఈ మాల మూలమున జర్మనీయందు ఇంటింట ప్రసిద్ధములయ్యెను. కాని ఆనాడు ఆ రెండు దేశములకును గ్రంథస్వామ్యమును గూర్చిన ఒడంబడిక లేకుండుటచే, ప్రతిఫలము కోరు హక్కు చట్టరీత్యా అట్టి రచయితలకు లేకుండెను. పాఠకునికి చౌకయైనది రచయితకు నష్టమగుట న్యాయము గాదు. ఈ చిక్కు తీరుటకు దేశముల నడుమ ఒప్పందములు కుదురవలసి వచ్చెను.

రెక్లామ్ 1896 జనవరి 5వ తేదీన, ఎనుబది యెనిమిదవ యేట, లైప్‌జిగ్‌లోనే మరణించెను. అప్పటికి గ్రంథమాలలో మూడువేలకు పైగా సంఖ్యలు వెలువడియుండెను. నాణెములు మారిన పిమ్మట ఇరువది ఫెన్నిగులుగా నిర్ణయింపబడిన వెల 1917 వరకు పెరుగలేదు. 1912 నుండి రైల్వే స్టేషనులలో నాణెము వేసినచో పుస్తకము నిచ్చు యంత్రములనుగూడ అతని వారసులు నెలకొల్పిరి.

1943 డిసెంబరు 4వ తేదీన లైప్‌జిగ్‌పై కురిసిన బాంబులకు నాలుగువందల యేబది టన్నుల రెక్లామ్ పుస్తకములు దగ్ధమయ్యెను. యుద్ధానంతరము జర్మనీ రెండుగా చీలగా, సంస్థయు రెండుగా చీలెను. 1947లో స్టుట్‌గార్ట్‌లో కొత్త శాఖ వెలసెను. లైప్‌జిగ్ శాఖ 2006లో మూతపడినను, విశ్వ గ్రంథమాల ఈనాటికిని సాగుచునే యున్నది. జర్మనీ పాఠశాలలలోని బాలబాలికలు తమ కవులను నేటికిని ఆ చిన్న పుస్తకములలో చదువుచున్నారు.

రెక్లామ్ కవి కాడు, పండితుడును కాడు. ఇతరులు వ్రాసిన దానిని అచ్చొత్తి అమ్మిన వర్తకుడు. లాభమును అతడును కోరెను. కాని ఆ లాభమును కొలదిమంది ధనికులనుండి అధికముగా గాక, అనేకులైన పేదలనుండి స్వల్పముగా పొందుట మేలని తలచెను. ఆ తలంపువలన అతని వ్యాపారము వృద్ధి పొందెను. తమదని చెప్పుకొనుటకు ఒక్క పుస్తకమైనను లేని యిండ్లలో పుస్తకములు వెలసెను.