మఠము విడిచి గురువు గృహమును కట్టిన కాథరీనా

మార్టిన్ లూథరుగారి పేరు మనలో అనేకులు వినియున్నారు. ఆయన యింటిని నడిపిన అమ్మగారిని గూర్చి వినినవారు కొద్దిమందే. కావున ఈ నెల మేము కాథరీనా ఫన్ బోరా జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము.

ఆమె 1499 జనవరి 29న జర్మనీ దేశములోని సాక్సనీ ప్రాంతమున, ఆస్తి తరిగిన గొప్పింట జన్మించెను. చిన్ననాడే తండ్రి ఆమెను మఠమునకు పంపెను. 1515లో నింబ్షెన్ మఠమందు ఆమె జీవితాంతము కన్యగా ఉందునని ప్రమాణము చేసెను.

ఆ కాలమున సన్యాసులకు, సన్యాసినులకే గాక గురువులకును వివాహము నిషేధము. 1139లో రోములో కూడిన మహాసభ గురువుల వివాహములు చెల్లవని తీర్మానించి యుండెను. అయితే పేతురుకు అత్త యున్నదని మత్తయి 8వ అధ్యాయములో చదువుచున్నాము గదా! సంఘాధ్యక్షునికి ఒకే భార్య యుండవలెనని పౌలు తిమోతికి వ్రాసెను. దేవుడు ఆజ్ఞాపింపని ప్రమాణముచేత రక్షణ కలుగదని లూథరుగారు బోధింపగా, ఆ బోధ మఠపు గోడలు దాటి లోపలికి చేరెను.

1523 ఈస్టరు పండుగ ముందటి రాత్రి కాథరీనాయు మరి కొందరు సన్యాసినులును లెయొన్‌హార్డ్ కొప్పె అను వర్తకుని బండిలో తప్పించుకొనిరి. అట్టి సహాయము చేయుట కఠిన శిక్షకు తగిన నేరము. తొమ్మిదిమంది విట్టెన్‌బర్గు చేరిరి. తక్కినవారికి దారి దొరకినను కాథరీనాకు కుదరలేదు. నచ్చని సంబంధమును ఆమె ధైర్యముగా త్రోసివేసెను. 1525 జూన్ 13న ఆమె లూథరుగారిని వివాహమాడెను. ఆమెకు 26 ఏండ్లు, ఆయనకు 41. విరోధులు పరిహసించిరి, మిత్రుడైన మెలాంక్‌తన్ సహితము నొచ్చుకొనెను.

వారి కాపురము పాత మఠములోనే. కాథరీనా తోట వేసి, పశువులను పెంచి, విద్యార్థులకును అతిథులకును భోజనము పెట్టుచు, భర్త లెక్కచూడక ఇచ్చివేసిన దానిని తన కష్టముచే పూడ్చెను. 1527లో తెగులు రాగా ఆ యిల్లు రోగులకు ఆశ్రయమాయెను. ఆరుగురు బిడ్డలలో ఎలిసబెతు పసితనముననే చనిపోయెను. మగ్దలేనా 1542లో 13 ఏండ్ల ప్రాయమున మరణించెను.

1546 ఫిబ్రవరి 18న లూథరుగారు మృతినొందిరి. ఆయన సమస్తమును భార్యకే వ్రాసియిచ్చినను దేశ చట్టము అందుకు అడ్డువచ్చెను. యుద్ధము ఆమె పొలములను పాడుచేసెను. డెన్మార్కు రాజును సహాయము వేడుచు ఉత్తరములు వ్రాయవలసివచ్చెను. 1552లో తెగులునుండి పారిపోవుచు బండి ప్రమాదములో గాయపడి, డిసెంబరు 20న టోర్గావులో ప్రభువునందు నిద్రించెను.

ఒంటరి జీవితమును మేము తృణీకరించుట లేదు. అది కొందరికి దేవుడిచ్చు వరమని పౌలు మొదటి కొరింథీ 7వ అధ్యాయములో తెలిపెను. వరమును అందరి మెడమీద కాడిగా మోపుటయే తప్పు.

అయితే వివాహితులైన గురువులు గల మనకును ఒక ప్రశ్న యున్నది. అయ్యగారు బ్రదికియున్నంతకాలము అమ్మగారి చేతి గంజి త్రాగిన సంఘము, ఆయన పోయిన పిమ్మట ఆమె గడప త్రొక్కుచున్నదా? ఆమె గింజల కుండను చూచుచున్నదా? విధవరాండ్రను ఇబ్బందిలో పరామర్శించుటయే నిజమైన భక్తియని యాకోబు బోధించెను. ఈ మాసమందే మన సంఘములోని అట్టి యింటికి పోయి చూతము.