మదురై జైలు నుండి మహిళా సభ దాకా

దుర్గాబాయమ్మ గారి పేరు ఎత్తగానే మన మిత్రుల్లో చాలామందికి కాకినాడ ముచ్చట గుర్తుకొస్తుంది. 1923లో అక్కడ కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు, ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడిన పద్నాలుగేళ్ల పిల్ల, టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే ఆపేసింది. నిర్వాహకులు టిక్కెట్టు కొని ఇచ్చాకే లోపలికి వదిలింది. ఈ సంగతి చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఆవిడ జీవితంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మాత్రం ఇది కాదు. అంత ధైర్యం గల మనిషీ జైల్లో బెదిరిపోయిన రోజులు, ఆ తర్వాత ఎంచుకున్న దారి.

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి తనకు సరిపడదని భర్తకు చెప్పి, ఆయన్ను మళ్లీ పెళ్లి చేసుకోమని కోరి బయటికి వచ్చేశారు. ఆ కాలంలో, ఆ వయసులో! బడిలో ఇంగ్లీషు బోధన నచ్చక చదువు మానేసి, హిందీ నేర్చుకొని తోటి ఆడపిల్లలకు నేర్పారు. 1921లో కాకినాడ వచ్చిన గాంధీ గారి ఉపన్యాసాన్ని తెలుగులోకి అనువదించేనాటికి ఆవిడకు పన్నెండేళ్లు కూడా నిండలేదు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో ప్రకాశం పంతులు గారు, నాగేశ్వరరావు పంతులు గారు వంటి పెద్దలతోపాటు ఆవిడా దిగారు. 1933లోగా మూడు సార్లు జైలుకు వెళ్లారు. మదురై జైలులో ఒంటరి ఖైదు. ఉరిశిక్ష పడ్డవాళ్లను ఉంచే గదుల పక్కనే ఆవిడ గది. పోలీసులకు జంకని మనిషి ఆ నాలుగు గోడల మధ్య ఆరోగ్యం పాడై, నరాలు దెబ్బతిని బయటికి వచ్చారు. చావు కోసం ఎదురుచూసే మనుషుల పక్కన పగలూ రాత్రీ గడపడమంటే ఏమిటో మనం ఊహించవలసిందే.

జైళ్లలో ఆవిడ ఇంకొకటీ చూశారు. నేరస్థులుగా వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి అక్షరం రాదు, చట్టం తెలియదు. తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలియకనే శిక్ష పడినవాళ్లు ఉన్నారు. వీళ్లకు కావలసింది మరో ఊరేగింపు కాదు, చదువు, ఒక వకీలు అని ఆవిడకు తోచింది.

విడుదలయ్యాక ఉద్యమాల నుంచి తప్పుకొని, ఇరవై నాలుగేళ్ల వయసులో మెట్రిక్ పుస్తకాలు పట్టుకున్నారు. బెనారస్ విశ్వవిద్యాలయం పరీక్షలు రాశారు. తర్వాత వాల్తేరులో బి.ఏ. ఆనర్స్‌కు వెళితే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. ఆవిడ పత్రికలో ప్రకటన వేయించి, చేరదలచిన అమ్మాయిలను కూడగట్టి, తామే హాస్టలు నడుపుకుంటామని సీటు సంపాదించారు. 1942లో దేశమంతా క్విట్ ఇండియా అంటుంటే ఆవిడ లా పట్టా పుచ్చుకున్నారు. దీన్ని వెనకడుగు అనుకునేవారు ఉంటే ఉండవచ్చు. నేను అలా అనుకోను.

అప్పటికే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. చదువు ఆగిపోయిన ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్‌కు తయారు చేయడం తొలి పనుల్లో ఒకటి. తర్వాతి రోజుల్లో ఆసుపత్రి, శిక్షణాలయాలు, హైదరాబాదులో కాలేజీలు. తను విడిచి వచ్చిన భర్త కాలం చేశాక, ఆయన రెండో భార్యను చేరదీసి, పని నేర్పించి బతుకుదెరువు చూపించినది కూడా దుర్గాబాయి గారే. ఈ ఒక్క సంగతి చాలు నాకు.

రాజ్యాంగ సభలో ఉన్న పదిహేను మంది మహిళల్లో ఆవిడ ఒకరు. 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. అదే ఏడు ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953 జనవరిలో చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడారు. ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే తొలి అధ్యక్షురాలు ఆవిడే. ఊళ్లలో పనిచేసే చిన్న చిన్న స్వచ్ఛంద సంస్థలకు సర్కారు డబ్బు చేరవేయడం ఆ బోర్డు పని. గ్రాంటు ఫైళ్లు చూసిన మన మిత్రులకు యుటిలైజేషన్ సర్టిఫికెట్ల తంటా గుర్తుండే ఉంటుంది! 1958లో బోర్డు పెద్దవయసు స్త్రీలకు కండెన్స్‌డ్ కోర్సులు పెట్టింది. బడి మానేసిన ఆడవాళ్లను రెండేళ్లలో మెట్రిక్‌కు తయారు చేయడం అందులో ముఖ్యం. పదేళ్లు పట్టే చదువును రెండేళ్లకు కుదించడం ఆవిడకు స్వానుభవంలోంచి వచ్చిన ఆలోచన కావచ్చు.

1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1981 మే 9న కన్నుమూశారు. ఆ సాంఘిక సంక్షేమ బోర్డును 2022లో మూసివేశారు.

నేను పనిచేసిన ఆఫీసులో ఒకావిడ ఉండేవారు. భర్త పోయాక ఇద్దరు పిల్లలతో పుట్టింటికి వచ్చి, కండెన్స్‌డ్ కోర్సులో మెట్రిక్ గట్టెక్కి, సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి టైపిస్టుగా చేరారు. సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యారు. ఈ ప్రత్యేక సంచికకు చందాలు వసూలు చేసి, పైసాతో సహా లెక్క రాసి ఇచ్చింది ఆవిడే.