కుష్ఠరోగియైన రాజు

2005లో వెలువడిన ‘కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్’ చిత్రములో, క్రూసేడుల కాలపు యెరూషలేము రాజు నాల్గవ బాల్డ్విన్ వెండి ముసుగుతో కనబడును. మేమును అది నిజమేయనుకొంటిమి. ఆ కాలపు చరిత్రకారులు అట్టి ముసుగును గూర్చి వ్రాయలేదు.

వారు వ్రాసినది వేరు. ఆటలో తోటి బాలురు చేయి గిచ్చినను ఈ బాలునికి నొప్పి తెలియలేదు. తర్వాత తూరు ప్రధానాధ్యక్షుడైన గురువు విలియమ్ దానిని కనిపెట్టెను. 1174లో పదుమూడేండ్లకే రాజాయెను. 1177లో మోంట్‌గిసార్డ్ యొద్ద సలాదీనును ఓడించెను. చేతులు, కాళ్లు, చూపు పోయినను డోలీలో యుద్ధమునకు వెళ్లెను. 1185లో, ఇరువది నాలుగేండ్లు నిండకమునుపే మరణించెను.

కుష్ఠరోగిని దాచవలెనని కథకు తోచెను. ఆ రాజ్యమైతే అతనిని చివరివరకు సింహాసనముననే ఉంచెను. రోగిని చూచినప్పుడు ముసుగు కోరునవి మన కన్నులే కావా? సేనాధిపతియైన నయమాను కథను (2 రాజులు 5) మరల చదువుదము.