పిల్లలకు విశ్వం చూపించిన నండూరి రామమోహనరావు గారు

ఉర్దూ పంతులు తెలుగు రచయితను గురించి వ్రాయడమేమిటని కొందరు అనుకోవచ్చు. క్లాసులో సైన్సు చెప్పేటప్పుడు నాకు ఎక్కువగా అక్కరకొచ్చినవి ఈయన పుస్తకాలే.

రామమోహనరావు గారు 1927లో కృష్ణా జిల్లా విస్సన్నపేటలో జన్మించినారు. (ఆ ఊరు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది.) ఆంధ్రపత్రికలో పనిచేసి, 1960లో ఆంధ్రజ్యోతి మొదలైనప్పుడు అందులోకి వచ్చినారు. తర్వాత ఆ దినపత్రికకు సంపాదకులై 1994 దాకా నడిపినారు. 2011లో విజయవాడలో కన్నుమూసినారు.

మార్క్ ట్వేన్ వ్రాసిన టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్, రాజు-పేద. స్టీవెన్సన్ వ్రాసిన కాంచనద్వీపం ఈయన చేతిమీదుగానే తెలుగు పిల్లలకు అందినాయి. మిసిసిపీ నది ఏ దేశంలో ఉందో తెలియని పిల్లోడు కూడా, దడికి సున్నం కొట్టే పనిని తోటి పిల్లల నెత్తిన రుద్దిన టామ్‌ను మన వీధి పిల్లోడే అనుకున్నాడు. అనువాదమని గుర్తు రాకుండా చదివించడం సామాన్యమైన పని కాదు.

ఇక 'విశ్వరూపం' సంగతి. నక్షత్రాలు, పాలపుంతలు, వాటి దూరాలు, అన్నీ ఇంట్లో పెద్దాయన కూర్చుని చెప్పినట్టే ఉంటాయి. ఉర్దూలో మేము కహ్‌కషాఁ అంటాము, ఆయన పాలపుంత అన్నారు. రెండు మాటలూ బోర్డు మీద వ్రాస్తే పిల్లలకు విషయం తొందరగా పట్టుబడుతుంది. ఒకసారి అవుకు రిజర్వాయరు కట్ట మీద పిల్లలకు కృత్తికలను చూపించి, అరబ్బీలో వీటి పేరే సురయ్యా అన్నాను. ఆ పేరున్న అమ్మాయి ముఖం వెలిగిపోయింది! వాటి వెనకాలే వచ్చే రోహిణికి ఇంగ్లీషువాళ్ళు వాడే ఆల్డెబరాన్ అన్న పేరు కూడా అరబ్బీదే. వెంట నడిచేది అని అర్థం.

'నరావతారం' ఏకకణ జీవి నుంచి మనిషి దాకా జీవపరిణామాన్ని చెప్తుంది. దీని మీద మన పెద్దలలో కొందరికి అభ్యంతరం ఉంది. ఆ పుస్తకం పిల్లలకెందుకిచ్చావని ఒక తండ్రి నన్ను నిలదీసినాడు కూడా. పరిణామ పాఠం బడిలో ఎటూ చదవాల్సిందే, సరిగ్గా తెలుసుకుని తర్వాత ఇంట్లో మిమ్మల్నే ప్రశ్నలు అడగనివ్వండి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. పుస్తకం మాత్రం వారం తర్వాత ఇచ్చినాడు, మధ్యలో ఒక పేజీ మూల మడిచి ఉంది.