ఏ.ఎస్.రావు

ఏ.ఎస్.రావుగా ప్రసిద్ధి చెందిన అయ్యగారి సాంబశివరావు (సెప్టెంబరు 20, 1914 - అక్టోబరు 31, 2003) ఎలక్ట్రానిక్స్ శాస్త్రవేత్త. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఇ.సి.ఐ.ఎల్.) సంస్థకు వ్యవస్థాపకుడు. భారత అణుశక్తి కార్యక్రమానికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను స్వదేశంలోనే తయారు చేయించిన వారిలో అగ్రగణ్యుడు.

జననం - విద్యాభ్యాసం

సాంబశివరావు భీమవరం సమీపంలోని మోగల్లు గ్రామంలో జన్మించాడు. ఈ గ్రామం ఇప్పుడు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్నది. ఆయన పుట్టిన కాలంలో ఆ ప్రాంతం కృష్ణా జిల్లాలో అంతర్భాగం. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం నుండి ఎం.ఎస్సీ. పట్టా పొంది, అక్కడే కొంతకాలం అధ్యాపకుడుగా పనిచేశాడు. తరువాత అమెరికా వెళ్ళి, స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందాడు.

అణుశక్తి శాఖలో

స్వదేశానికి తిరిగి వచ్చిన తరువాత సాంబశివరావు, హోమీ జహంగీర్ భాభా బొంబాయిలో నెలకొల్పిన టాటా మౌలిక పరిశోధనా సంస్థలో చేరాడు. అణు పరిశోధనకు కావలసిన గణక యంత్రాలు, యాంప్లిఫైయర్లు, వికిరణాన్ని కొలిచే పరికరాలు ఆనాడు విదేశాల నుండి తెప్పించుకోవలసి వచ్చేది. వాటికి విదేశీ మారక ద్రవ్యం కావాలి. ఒక పరికరం చెడిపోతే బాగుచేయడానికి మళ్ళీ ఆ దేశం మీదనే ఆధారపడాలి. కొన్ని పరికరాలను డబ్బు ఇచ్చినా అమ్మేవారు కారు. అందువల్ల వాటిని మనమే తయారు చేసుకోవాలని భాభా నిశ్చయించాడు. ఎలక్ట్రానిక్స్ విభాగానికి నాయకత్వం వహించే బాధ్యత సాంబశివరావు మీద పడింది.

1956 ఆగష్టు 4న ట్రాంబేలో భారతదేశపు మొదటి అణు రియాక్టరు అప్సర పనిచేయడం ప్రారంభించింది. దాని ఇంధనం బ్రిటన్ నుండి వచ్చింది. నియంత్రణ పరికరాలను మాత్రం సాంబశివరావు నాయకత్వంలోని బృందం ఇక్కడే తయారు చేసింది.

రియాక్టరు నియంత్రణ ఎంత సున్నితమైన పనియో విద్యుత్ వలయాల ప్రాథమిక సూత్రాలు తెలిసిన విద్యార్థికి సులభంగా అర్థమవుతుంది. రియాక్టరులోని న్యూట్రాన్ల సంఖ్యను బట్టి అయొనైజేషన్ ఛాంబరులో అతి స్వల్పమైన విద్యుత్ ప్రవాహం పుడుతుంది. దానిని యాంప్లిఫైయరు పెద్దది చేస్తుంది. మరొక వలయం ఆ విలువను ముందుగా నిర్ణయించిన పరిమితితో పోల్చి చూస్తుంది. పరిమితి దాటితే రిలే తెరుచుకొని, రియాక్టరును ఆపే కడ్డీలు లోపలికి దిగేలా చేస్తుంది. విద్యుత్ సరఫరా నిలిచిపోయినా, తీగ తెగిపోయినా కూడ ఫలితం ఇదే కావాలి. అనగా వలయంలో లోపం వచ్చినప్పుడు రియాక్టరు ఆగిపోవాలే గాని నడుస్తూ ఉండరాదు. ఇటువంటి పరికరాలలో పొరపాటుకు తావు లేదు.

ఎలక్ట్రానిక్స్ కమిటీ

1962 నాటి చైనా యుద్ధం రక్షణ రంగంలో ఎలక్ట్రానిక్స్ కొరతను బయటపెట్టింది. 1963లో కేంద్ర ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీని నియమించింది. ఇందులో విక్రం సారాభాయ్, కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం, సాంబశివరావు సభ్యులు. 1966 జనవరి 24న భాభా విమాన ప్రమాదంలో మరణించాడు. దేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ స్వయంసమృద్ధి సాధించాలన్నది కమిటీ నివేదిక సారాంశం.

ఇ.సి.ఐ.ఎల్.

1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. అణుశక్తి శాఖ ప్రయోగశాలల్లో రూపొందిన పరికరాలను పెద్ద ఎత్తున ఉత్పత్తి చేయడం దీని ఉద్దేశం. సాంబశివరావు దీనికి మొదటి మేనేజింగ్ డైరెక్టరు. అణు విద్యుత్ కేంద్రాల నియంత్రణ పరికరాలతో బాటు సామాన్య ప్రజలకు సాలిడ్ స్టేట్ టెలివిజన్లను కూడ ఈ సంస్థ తయారు చేసింది. ఇ.సి. టీవీ అన్న పేరు ఆ రోజుల్లో ఎన్నో ఇళ్ళలో వినబడేది.

కంప్యూటర్ల రంగంలో ఈ సంస్థ కృషి ముఖ్యమైనది. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అనే కంప్యూటరు 1969లో వెలువడింది. ఇది 12 బిట్ల యంత్రం. బిట్ అంటే 0 లేక 1. అటువంటి 12 స్థానాలతో 4096 వేర్వేరు విలువలను సూచించవచ్చును. ఆనాటి చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసేవారు యంత్రానికి చేరువగా ఉండే అసెంబ్లీ భాషను వాడి, ఆదేశాలను రంధ్రాలు చేసిన కాగితపు టేపు ద్వారా అందించేవారు. తరువాత 1974లో టి.డి.సి.-312, 1975లో 16 బిట్ల టి.డి.సి.-316 వచ్చాయి.

ఈ కృషికి విమర్శలు లేకపోలేదు. అనేక విడిభాగాలు దిగుమతి చేసుకొన్నవేనని, విదేశీ యంత్రాలతో పోల్చితే ఇవి వెనుకబడి ఉన్నాయని, ప్రభుత్వ సంస్థకు రక్షణ కల్పించడం వల్ల పోటీ లేకుండా పోయిందని పలువురు అభిప్రాయపడ్డారు. 1978లో మినీ కంప్యూటర్ల తయారీకి ప్రైవేటు సంస్థలను అనుమతించారు. మరొక వైపు, అప్పటిదాకా ఐ.బి.ఎం. సంస్థ భారతదేశంలో ఎక్కువగా పాత నమూనాలనే అద్దెకు ఇచ్చేది. అదే 1978లో ఆ సంస్థ దేశం విడిచి వెళ్ళింది. కంప్యూటరును లోపలి వలయం నుండి ప్రోగ్రాము దాకా స్వయంగా రూపొందించడం తెలిసిన ఇంజనీర్లు అప్పటికే దేశంలో ఉండడానికి ఇ.సి.ఐ.ఎల్. ఒక ముఖ్య కారణం.

తరువాతి కాలంలో ఈ సంస్థ ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాలను తయారు చేసింది. 2008లో చంద్రయాన్-1 కొరకు బెంగళూరు సమీపంలోని బ్యాలాలులో నెలకొల్పిన 32 మీటర్ల యాంటెన్నా కూడ ఈ సంస్థ నిర్మించినదే.

పురస్కారాలు

- పద్మశ్రీ - 1960
- శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి (ఇంజనీరింగ్ శాస్త్రాలు) - 1965
- పద్మభూషణ్ - 1972

మరణం - స్మృతి

సాంబశివరావు 2003 అక్టోబరు 31న మరణించాడు. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సమీపంలోని ఏ.ఎస్.రావు నగర్‌కు ఆయన పేరే పెట్టారు.