శత్రువుల బిడ్డలకు అన్నం పెట్టిన ఎగ్లంటైన్ జెబ్

యెరూషలేములోని ఆది సంఘంలో వచ్చిన మొదటి పెద్ద తగాదా సిద్ధాంతం గురించి కాదు, అన్నం గురించి! రోజూ జరిగే ఆహార పంపిణీలో తమ విధవరాండ్రను ఎవరూ పట్టించుకోవడం లేదని గ్రీకు భాష మాట్లాడే యూదు విశ్వాసులు సణిగారు (అపొ.కా. 6:1). అపొస్తలులు దాన్ని చిన్న విషయమని కొట్టిపారేయలేదు. ప్రార్థన చేద్దాం, అదే సర్దుకుంటుందని చెప్పి పంపేయలేదు. మంచి పేరు, జ్ఞానం, ఆత్మపూర్ణత ఉన్న ఏడుగురిని సంఘంచేత ఎంపిక చేయించి, వారి మీద చేతులుంచి ప్రార్థన చేసి ఆ పని అప్పగించారు. అక్కడ అన్నం పంచే పనికి, వాక్యం బోధించే పనికి మూలభాషలో వాడిన మాట ఒక్కటే. మన తెలుగు బైబిల్లో కూడా రెండూ ‘పరిచర్య’లే! అయినా మన సంఘాల్లో ప్రసంగికుడికి దండలు, వంటశాల లెక్కలు చూసేవాడికి నిందలు. ఆ ఏడుగురి పనిని ఇరవయ్యో శతాబ్దంలో దేశాల సరిహద్దులు దాటించి చేసిన ఒక స్త్రీ జీవితం ఇది.

ఎగ్లంటైన్ జెబ్ 1876 ఆగస్టు 25న ఇంగ్లాండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో, ఎల్స్‌మియర్ దగ్గర, కలిగిన కుటుంబంలో పుట్టింది. ఆడపిల్లలకు విశ్వవిద్యాలయం ఇంకా పూర్తిగా తలుపులు తెరవని రోజుల్లో ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివింది. పేదలకు సేవ చేయాలన్న తపనతో మార్ల్‌బరోలో పేద పిల్లల బడిలో పంతులమ్మగా చేరింది. కాని ఆ ఉద్యోగం ఏడాదిన్నర కూడా సాగలేదు. ఆరోగ్యం సహకరించలేదు, పైగా పిల్లల మధ్య ఉండటం తనకు చేతకాదని ఆమెకు అర్థమైంది. ఆశ్చర్యంగా ఉంటుంది గాని, లక్షలాది పిల్లల ప్రాణాలు కాపాడిన ఈమెకు పసిపిల్లలను ఎత్తుకుని ముద్దాడటం మీద ఏమంత సరదా లేదు. పెళ్లి చేసుకోలేదు, బిడ్డలు లేరు. పిల్లలంటే తనకు పడదన్న సంగతిని స్నేహితుల దగ్గర దాచుకోనూ లేదు. ప్రేమ అంటే మనసులో పొంగే మమకారమని మనం అనుకుంటాం. మంచి సమరయుడు దెబ్బలు తిన్న ఆ మనిషిని ఇష్టపడ్డాడని ప్రభువు ఎక్కడా చెప్పలేదు; నూనె, ద్రాక్షారసం పోశాడని, గాయాలు కట్టాడని, పూటకూళ్లవాడికి రెండు దేనారాలు లెక్కపెట్టి ఇచ్చాడని చెప్పాడు. జెబ్ ప్రేమ కూడా అలాంటిదే, చేతులతో చేసేది, లెక్కపెట్టేది.

ఆ లెక్క ఆమె కేంబ్రిడ్జిలో నేర్చుకుంది. అక్కడి పేదల స్థితిగతులను వీధి వీధి తిరిగి పరిశీలించి 1906లో ఒక పుస్తకం ప్రచురించింది. జాలిపడి చిల్లర విసరడం వల్ల పేదరికం పోదని, ముందు ఎవరికి ఏ అవసరముందో తెలుసుకోవాలని ఆమె గ్రహించింది. 1913లో యుద్ధబాధితుల సహాయం కోసం మాసిడోనియా వెళ్లి, ఆకలి ఏ రూపంలో ఉంటుందో కళ్లారా చూసింది.

మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరు 11న ఆగింది. కాని ఓడిపోయిన దేశాల మీద మిత్రరాజ్యాలు విధించిన సముద్ర దిగ్బంధం ఆ తరువాత కూడా నెలల తరబడి కొనసాగింది. తిండిగింజలు, పాలు, కొవ్వులు రాక జర్మనీ, ఆస్ట్రియా ఆకలితో అలమటించాయి. తల్లులకు పాలు లేవు. వియన్నాలో పిల్లల ఎముకలు వంకర తిరిగిపోయాయి, రెండు మూడేళ్లు వచ్చినా నడవలేకపోయారు. ఇంగ్లాండులో ఈ సంగతి బయటికి పొక్కనివ్వడం లేదు. జెబ్ చెల్లెలు డొరతీ బక్స్‌టన్ విదేశీ పత్రికల నుంచి వార్తలను తర్జుమా చేసి ప్రచురిస్తుండేది. అలా ఈ అక్కాచెల్లెళ్లకు నిజం తెలిసింది. 1919 ఏప్రిల్‌లో జెబ్ లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నిలబడి, ఎండిపోయిన ఒక ఆస్ట్రియా బిడ్డ ఫొటో ఉన్న కరపత్రాలు పంచింది. వాటికి సెన్సారు అనుమతి లేదు. పోలీసులు అరెస్టు చేశారు. కోర్టులో తన కేసు తానే వాదించుకుంది. చట్టప్రకారం నేరం రుజువైంది, 5 పౌండ్ల జరిమానా పడింది. కాని తీర్పు తరువాత ఆమెకు వ్యతిరేకంగా వాదించిన ప్రభుత్వ న్యాయవాది సర్ ఆర్చిబాల్డ్ బాడ్‌కిన్ తన జేబులోంచి 5 పౌండ్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు! ఆ సొమ్మును ఆమె జరిమానాకు వాడలేదు, పిల్లల నిధిలో తొలి కానుకగా వేసింది.

అదే ఏడు మే 19న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో బహిరంగసభ పెట్టి ‘సేవ్ ద చిల్డ్రన్ ఫండ్’ ప్రారంభించారు. యుద్ధంలో కొడుకులను, భర్తలను పోగొట్టుకున్న జనం అది. శత్రువుల పిల్లలకు చందా అడిగేవాళ్ల మీద విసరడానికి కొందరు కుళ్లిన ఆపిల్ పళ్లు కూడా తెచ్చుకున్నారట. డొరతీ వేదిక మీద ఒక పాలడబ్బా ఎత్తి చూపించింది. విశ్వాస ప్రమాణాలన్నీ ఒక తక్కెడలో, ఈ డబ్బా ఒక తక్కెడలో పెట్టి తూచండి అన్నట్టు మాట్లాడింది. విశ్వాస ప్రమాణాలు నేర్పి జీవనం సాగించే నావంటివాడికి ఆ మాట కొంచెం గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా! శత్రువు ఆకలిగొంటే అన్నం పెట్టమని పౌలు రోమా సంఘానికి రాసింది (రోమా. 12:20) విశ్వాస ప్రమాణానికి బయట ఉన్న మాటేమీ కాదు. శత్రువుకే పెట్టమంటే, శత్రువు కన్న పసిబిడ్డ సంగతి వేరే చెప్పాలా?

ఆంగ్లికన్ సంఘంలో పెరిగిన జెబ్ సహాయం కోరుతూ రోమ్‌కు వెళ్లి పోప్ పదిహేనవ బెనెడిక్టును కూడా కలుసుకుంది. ఆయన పిలుపుతో 1919 డిసెంబరు 28న, హేరోదు చంపించిన బేత్లెహేము పసివారిని స్మరించుకునే దినాన, కథోలిక దేవాలయాల్లో ఆకలిగొన్న పిల్లల కోసం కానుకలు పట్టారు. ఇతర సంఘాలు కూడా తోడయ్యాయి. శతాబ్దాలుగా ఒకరి బల్లలో ఒకరు చెయ్యి వేయని సంఘాలను పసిపిల్లల గిన్నె ఒకచోట చేర్చింది.

అసలు పరీక్ష 1921లో వచ్చింది. రష్యాలో వోల్గా నది పొడవునా కరువు. సుమారు 50 లక్షల మంది చనిపోయారని అంచనా. దేవుడే లేడనే ప్రభుత్వం ఉన్న దేశం అది. ఇంగ్లాండులోనే నిరుద్యోగులుండగా బోల్షివిక్కుల పిల్లలకు తిండెందుకని ఒక పెద్ద దినపత్రిక ఆమె మీద కత్తిగట్టింది. ఆమె జంకలేదు. పత్రికల్లో పేజీ నిండా ప్రకటనలు వేయించింది. కరువు ప్రాంతంలో సినిమా తీయించి ఊరూరా చూపించింది. దానధర్మాల సొమ్మును ప్రకటనలకు పోస్తావా అని మర్యాదస్తులు ముక్కున వేలేసుకున్నా, ఆ ప్రకటనలే డబ్బు తెచ్చాయి. 1921 సెప్టెంబరులో 600 టన్నుల ఆహారంతో ‘టోర్సెల్లో’ అనే ఓడ లండన్ నుంచి బయలుదేరింది. సరాటోవ్ ప్రాంతంలో వంటశాలలు తెరిచారు. ఆ పని ముమ్మరంగా సాగిన రోజుల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలు వాటి వల్లే బతికారు. ఒక్కొక్కరికీ వారానికి అయిన ఖర్చు సుమారు ఒక షిల్లింగే, అంటే పౌండులో ఇరవయ్యో వంతు!

ఇంత తక్కువలో అంతమందికి ఎలా సాధ్యమైందంటే, దాని వెనుక కనికరంతోపాటు కఠినమైన పర్యవేక్షణ ఉంది. ఆహారం ఓడలోంచి దిగాక రైలులో, బండిలో, గోదాములో, వంటశాలలో, చివరికి గిన్నెలో ఎంత చేరిందో చూసేవారు లేకపోతే మధ్యలోనే ఆవిరైపోతుంది. ఆకలి ఉన్నచోట దొంగతనం కూడా ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అదే కరువులో పనిచేసిన అమెరికన్ సహాయ సంస్థ, కార్డు ఉన్న పిల్లవాడు వంటశాలలోనే కూర్చుని తినాలని నియమం పెట్టింది. ఇంటికి పంపితే అది పదిమంది నోళ్లలోకి పోతుంది, ఎవరికోసం కొలిచారో ఆ బిడ్డ మాత్రం అలాగే నీరసిస్తాడు. గర్భిణికిచ్చిన గుడ్డు, పాలు ఇంటికి వెళ్లాక ఎవరెవరు తింటారో మన అంగన్‌వాడీ సూపర్‌వైజర్లను అడిగితే చెబుతారు! అయిదువేలమందికి రొట్టెలు పంచిన రోజున యేసుప్రభువు జనాన్ని వందేసి, యాభయ్యేసి మంది చొప్పున పంక్తులుగా కూర్చోబెట్టాడు (మార్కు 6:40). అద్భుతం చేయగలిగిన దేవుడికి కూడా వరుస కావాల్సి వచ్చింది.

ఒక తుఫాను తరువాత మా సంఘం బియ్యం, పాలపొడి పంచింది. ఫొటోలు బాగా వచ్చాయి. సాయంత్రం అన్నీ అయిపోయాక ఒక గర్భిణి, చంకలో బిడ్డతో మరో తల్లి వచ్చారు. తోపులాటలో నిలబడలేక చెట్టు కింద కూర్చుండిపోయారట. మా దగ్గర ఖాళీ సంచులే మిగిలాయి. ఆ ముందు ఆదివారమే నేను అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం నుంచి ప్రసంగించాను.

కరువులు ఒకదాని తరువాత ఒకటి వస్తూనే ఉంటాయని, ప్రతిసారీ చందాల కోసం చేయి చాచడం చాలదని జెబ్ గుర్తించింది. పిల్లల తిండి దాతల దయ మీద ఆధారపడకూడదు, అది పిల్లల హక్కు కావాలి అనుకుంది. జెనీవాలో ఉంటూ 1923లో అయిదే అయిదు అంశాలతో బాలల హక్కుల ప్రకటన తయారు చేయించింది. ఆకలిగొన్న బిడ్డకు తిండి పెట్టాలన్నది, ఆపద వచ్చినప్పుడు సహాయం ముందు పిల్లలకే అందాలన్నది వాటిలో ఉన్నాయి. 1924 సెప్టెంబరు 26న నానాజాతి సమితి దాన్ని ఆమోదించింది. 1989లో ఐక్యరాజ్య సమితి చేసిన బాలల హక్కుల ఒడంబడికకు వేరు అక్కడే ఉంది. 1992లో మన దేశం కూడా ఆ ఒడంబడికలో చేరింది.

ఇంత చేసిన స్త్రీ శరీరం మాత్రం ఎప్పుడూ బలహీనమే. థైరాయిడ్ జబ్బు ఆమెను ఏళ్ల తరబడి వేధించింది. పలచటి మనిషి, ముందుగానే నెరిసిన జుట్టు. ఆమెలోని ఆరని పట్టుదల చూసి స్నేహితులు ఆమెను తెల్లని జ్వాల అని పిలిచేవారు. గంటల తరబడి ప్రార్థనలో, ధ్యానంలో గడిపేది. 1928 డిసెంబరు 17న, క్రిస్మస్‌కు వారం రోజుల ముందు, జెనీవాలో 52వ ఏట ప్రభువును చేరుకుంది. అక్కడి సెయింట్ జార్జ్ శ్మశానంలో ఆమెను సమాధి చేశారు. 2024లో జెనీవా నగరం ఆమె అవశేషాలను ప్రముఖులకు కేటాయించిన శ్మశానవాటికకు మార్చింది. సంస్కర్త జాన్ కాల్విన్ పేరిట ఉన్న సమాధి కూడా అక్కడే ఉంది.