సవరల మేష్టారు గిడుగు రామమూర్తి

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి ఫోటోకి దండ వేస్తాం. వాడుక భాష కోసం పోరాడిన మహనీయుడిగా ఆయన అందరికీ తెలుసు. కానీ అంతకు ముందే ఆయన ఇంకో భాషకి చేసిన సేవ మన జిల్లాల్లోనే చాలామందికి తెలియదు.

రామమూర్తి గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో జన్మించారు. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నారు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారితో కలిసి చదువుకుని, 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మేష్టరుగా చేరారు.

ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వారి భాష తెలుగుకి గానీ ఒరియాకి గానీ చుట్టం కాదు. సంతాలీ, ముండారీల కుటుంబానికి చెందినది. అప్పటికి దానికి సొంత లిపి లేదు. పిల్లలకు ఆ భాషలో బడీ లేదు. మేష్టారు రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చుకున్నారు. కొండలెక్కి సవర గూడేల్లో తిరిగారు. అక్కడ పట్టుకున్న మలేరియాకి క్వినైను వాడగా వాడగా చెవుడు వచ్చింది. మాటల కోసం తిరిగిన మనిషికి వినికిడే పోయింది. అయినా పని ఆపలేదు.

సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బళ్లు పెట్టి పంతుళ్లకు జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే వద్దని, ఆ సొమ్ముతో బడి నడపమని కోరారు. ఆయన సవర వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

పిల్లవాడికి వాడి ఇంటి మాటలోనే చదువు చెప్పాలన్నది ఆయన పట్టుదల. తెలుగు పిల్లలకైనా, సవర పిల్లలకైనా ఆయన న్యాయం ఒక్కటే.

మాది వ్యవసాయ కుటుంబం. మా నాన్న సంతలో సవరల దగ్గర పసుపు, అనాస పళ్లు బేరమాడతాడు. బేరమంతా తెలుగులోనే. మా భాష వాళ్లు నేర్చుకున్నారు గానీ వాళ్ల భాష మేం నేర్చుకోలేదు. బోటనీలో మొక్కల లాటిన్ పేర్లు బట్టీపట్టిన నాకు, వాటిలో ఒక్కదానికీ సవర పేరు తెలియదు. ఈసారి సంతకి నాన్నతో నేనూ వెళ్తాను. కనీసం పసుపుని వాళ్లేమంటారో అడిగి తెలుసుకుంటాను. మేష్టారికి దండ వేసే ముందు ఆ మాత్రమైనా చెయ్యాలి కదా!